కప్పలు ఊరుకున్న రాత్రి

ఇది జరిగింది. ముందే చెప్తున్నాను. కల్పించి చెప్పేవాణ్ణయితే ఇందులో నేను కాస్త ధైర్యంగా ఉండేలా చూసుకునేవాణ్ణి. పూర్తిగా వినండి, నేనెలా ఉన్నానో చూడండి. తన పరువు తానే తీసుకునే కథ ఎవడైనా కల్పించుకుంటాడా?

మా అక్క మీద ఒట్టేసి చెప్పమంటారేమో. వెయ్యను. ఈ ఒక్క విషయంలో అక్క మీద ఒట్టు వేసే యోగ్యత నాకు లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

అప్పటికి కొత్త పైసలు వచ్చి ఒకటి రెండేళ్ళయింది. నేను బందరులో ఒక బడిలో తెలుగు మాస్టారిని. పాఠం చెప్పడం పేరుకే. రోజంతా "సైలెన్స్!" అని అరవడమే అసలు ఉద్యోగం. తెలుగు మాస్టారు ఇంగ్లీషులో అరవడమేమిటని ఒకరోజు సిగ్గేసి "నిశ్శబ్దం!" అని అరిచాను. ఆ మాటకి క్లాసంతా నవ్విన నవ్వు పక్క క్లాసు దాకా వినిపించింది. మళ్ళీ సైలెన్స్‌కే వచ్చాను.

మా అక్క కరుణమ్మని దివిసీమలో ఇచ్చారు. నాగాయలంక దాటి ఇంకా సముద్రం వైపు వెళ్ళాలి. మా బావ దావీదుకి అక్కడ కాలవ చివర ఎకరన్నర. కాలవ చివరి పొలం అంటే పెళ్ళిలో చివరి బంతి. పైబంతుల వాళ్ళు తిని, లేచి, చేతులు కడుక్కున్నాక మిగిలితే మనకి. ఆ ఏడు ఒక్క వాన పడి ముఖం చాటేసింది. నారు చిటికెన వేలంత లేచి పసుపు తిరుగుతోంది. అది పోతే మళ్ళీ పోసుకోవడానికి ఇంట్లో విత్తనం లేదు.

వారానికి ఒక్క రాత్రి, శనివారం, బావ పొలానికి నీటి వంతు. ఆ రాత్రి పంటబోదెలో, అదే పొలాలకి పారే పిల్లకాలవలో, వచ్చే నీళ్ళు బావవి. కానీ రాత్రి కదా... పైనుంచి ఎవరో వచ్చి బోదె గట్టుకి గండి కొట్టి తమ మడిలోకి తిప్పేసుకుంటారు. కాపలా కాయాలి. పోయినేడు అలా కాస్తుంటే చీకట్లో ఎవరో వెనకనుంచి వచ్చి కర్రతో వేశారు. బావ కుడి చెయ్యి ఇప్పటికీ తల దాకా లేవదు. కొట్టిందెవరో తెలియలేదు. తెలిసినా చెప్పుకునే చోటు లేదు.

ఎప్పుడూ పక్క పొలం ఏబు తోడు వెళ్ళేవాడు. ఆ శనివారం ఏబుకి చలిజ్వరం. సరిగ్గా అదే సాయంత్రం నేను బందరు నుంచి బస్సు దిగాను, అక్క చేతి చేపల పులుసు తిని, ఆదివారం గుడికి వెళ్ళి వెళ్ళిపోదామని. చేప గాలానికి చిక్కడం విన్నాం. చేపకోసం వచ్చినవాడు చిక్కడం అప్పుడే.

అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

"అబ్బాయ్, బావని ఒంటరిగా పంపలేన్రా. నువ్వెళ్ళు."

"నేనా? వెళ్ళి ఏం చేస్తానక్కా? దొంగలకి సంధులు చెప్పనా?"

"ఏమీ చెయ్యొద్దు. ఎవరైనా వస్తే ఈల వెయ్యి. అంతే. వెనకనుంచి రాకుండా చూడు, చాలు. ఆయనకి ఇంకో దెబ్బ తగిలితే మేం లేవలేంరా."

తన కూతురు తిరునాళ్ళలో కొనుక్కున్న తగరపు ఈల నా చేతిలో పెట్టింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే వచ్చింది గానీ పులుసుతో నిండి ఉంది.

బోదె ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. గట్టు మధ్యలో ఒక తుమ్మచెట్టు. అక్కడ నన్ను కూర్చోబెట్టాడు బావ. తను రెండు వందల గజాల అవతల, నీళ్ళు తన పొలంలోకి దిగే తూము దగ్గర ఉంటాడు. వచ్చేవాడు ఎవడైనా పైనుంచి, ఉత్తరం నుంచే రావాలి. అంటే ముందు నన్ను దాటాలి. బావ అవతల దక్షిణంగా చౌడు నేల, ఆ తర్వాత మడ అడవి, ఆ తర్వాత సముద్రం. అటు మనుషులు లేరు.

"లాంతరు?" అన్నాను.

"లాంతరు పెట్టుకుని కాపలా ఎవడైనా కాస్తాడా? మనం వాడికి కనపడతాం గానీ వాడు మనకి కనపడడు."

"మరి నేను ఎలా చూడాలి?"

"చూడకు. విను. కప్పల్ని విను."

పైవాళ్ళ మడుల్లో కప్పలకి సరిపడా నీళ్ళున్నాయి. బోదె పొడుగునా, రెండు పక్కలా, వేలకొద్దీ కప్పలు. చెవులు పగిలేలా అరుస్తున్నాయి.

"అరుస్తున్నంతసేపూ ఎవరూ లేనట్టు," అన్నాడు బావ. "మనిషి అడుగు పడ్డచోట ఊరుకుంటాయి. దాటిపోయాక మళ్ళీ అందుకుంటాయి. ఎక్కడ ఊరుకుంటే అక్కడ మనిషి. అర్థమైందా మాస్టారూ?"

"మరి నా చుట్టూ ఊరుకోవా?"

"కదలకుండా కూర్చో. కాసేపటికి నిన్నో మట్టిబెడ్డ అనుకుని మొదలెడతాయి. నోరు మాత్రం తెరవకు. నీకది కష్టమే."

"ఈ ఒక్క రాత్రికి మూగనోము పట్టమంటావు."

"మన ఇళ్ళల్లో నోములు లేవు గానీ, నువ్వు పడితే మాత్రం పాస్టరుగారు కూడా సంతోషిస్తారు," అని నవ్వి, కర్ర, బ్యాటరీ లైటు తీసుకుని తూము వైపు వెళ్ళిపోయాడు. తను వెళ్తుంటే విన్నాను... నిజమే. ఒకచోట కప్పలు ఆగాయి. ఆ ఆగిన చోటు బావతో పాటు నడిచింది. వెనక మళ్ళీ అందుకున్నాయి. తూము దగ్గర ఆగింది. కాసేపు. తర్వాత అక్కడా మొదలెట్టాయి.

నాకు ముచ్చటేసింది. బడిలో మేము నిశ్శబ్దం అంటే ఏమీ లేకపోవడం అని చెప్తాం. అలికిడి, సడి, సద్దు, చప్పుడు... వాటికన్నిటికీ సొంత పేర్లున్నాయి. అవి లేనప్పుడు మాత్రం ఆ పేర్లకే "లేదు" తగిలించి సరిపెడతాం. చడీచప్పుడు లేదు. ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ మా బావకి అది ఉన్న వస్తువు. ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలడు.

ఇలాంటివే నెమరేసుకుంటూ కూర్చున్నాను. మాట్లాడకుండా ఉండాలంటే నాకు మాటల గురించి ఆలోచించడం ఒక్కటే దారి. మౌనం మనిషి పట్టేది. నిశ్శబ్దం మనుషులు లేనిచోట ఉండేది. తూష్ణీంభావం నిఘంటువులో తప్ప ఎక్కడా ఉండనిది. ఊరు మాటుమణిగింది. మూడు కుక్కలు అరిచి అరిచి అవీ సద్దుమణిగాయి. దోమలు కుట్టినా కొట్టుకోలేదు. దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నన్ను మట్టిబెడ్డగా ఒప్పుకుని, నా కాళ్ళ దగ్గరే ఒక కప్ప మొదలెట్టింది. నా జీవితంలో అంత కుదురుగా ఎప్పుడూ లేను.

ఎంత రాత్రయిందో తెలీదు. చుక్కలు తుమ్మచెట్టు మీదుగా పడమటికి ఒరిగాయి.

అప్పుడు... ఉత్తరాన, దూరంగా, కప్పలు ఊరుకున్నాయి.

ముందు నా చెవి పొరపాటనుకున్నాను. విన్నాను. కాదు. చాపకి చిరుగు పడ్డట్టు అంతటి గోలలో ఒకచోట చిల్లు. చిన్నది. ఒక మనిషి మేర.

కదిలింది.

నడక వేగంతో కదిలింది. తొందర లేదు. ముందు కప్పలు ఊరుకుంటున్నాయి... వెనకవి అందుకుంటున్నాయి... ముందువి ఊరుకుంటున్నాయి... గట్టు వెంట తిన్నగా నావైపే.

సరే, మనిషే, ఈల వెయ్యాలి. ఈల నోట్లో పెట్టుకున్నాను. తగరం రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. వేసేముందు ఒక్కసారి చెవి పెట్టాను. అడుగుల చప్పుడు కోసం. ఆ గట్టు బంకమట్టి. బోదె నీళ్ళకి తడిసి ఉంది. మనిషి నడిస్తే కాలు తీసినప్పుడల్లా "చప్... చప్..." మంటుంది. బావ వెళ్తుంటే రెండు వందల గజాలూ విన్నాను.

చప్పుడు లేదు.

చిల్లు దగ్గరికి వస్తోంది. అడుగు లేదు. దగ్గు లేదు. గడ్డి రాసుకున్న సడి లేదు. వంద గజాలు ఉంటుందేమో... యాభై... తుమ్మచెట్టు అవతల మడిలో ఇప్పుడే అరుస్తున్న కప్ప సగం అరుపులో ఆగింది. ఆ పక్కది. ఈ పక్కది.

నా కాళ్ళ దగ్గరది ఊరుకుంది.

కీచురాళ్ళు కూడా. చెవి దగ్గర దోమ కూడా. అవి ఎందుకు ఊరుకోవాలి? దోమ మనిషిని చూసి ఊరుకోవడం ఎక్కడైనా విన్నారా?

నా చెవుల్లో నా రక్తమే "ఉం..." అంటోంది. ముఖానికి చల్లగా తగిలింది. గాలి కాదు. నీళ్ళు నింపిన కొత్త కుండ దగ్గర చెంప పెడితే తగులుతుందే, ఆ చల్లదనం. ఉంది. నా ముందే ఉంది. ఎంతసేపుందో... నేను కిమ్మనలేదు. కిక్కురుమనలేదు. ఈ మాటలన్నీ పిల్లలకి సొంతవాక్యాలు రాయమని ఇచ్చేవాణ్ణి. ఆ రాత్రి నేనే ఒక సొంతవాక్యం అయిపోయాను.

తర్వాత... అది వచ్చిన దారిలో, ఉత్తరం వైపు, ఒక కప్ప అందుకుంది. ఇంకోటి. కాళ్ళ దగ్గరది.

దాటింది. నన్ను దాటి బావ వైపు వెళ్తోంది.

ఇక్కడే చెప్పాలి. అప్పుడు కూడా ఈల నా నోట్లోనే ఉంది. ఊపిరి తిరిగి వచ్చింది కూడా. రెండు వందల గజాలు నడవడానికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి. ఆ కాసేపూ నేను వింటూ కూర్చున్నాను. వేస్తే అది ఆగుతుంది. ఆగితే వెనక్కి తిరుగుతుంది. తిరిగితే నా దగ్గరికి వస్తుంది. నా బుర్రలో అదొక్కటే. బావ చెయ్యి గుర్తుంది. అక్క మాట గుర్తుంది. వెయ్యలేదు.

తూము దగ్గర ఆగింది.

అరుపు కోసం చూశాను. కర్ర దెబ్బ చప్పుడు కోసం. బ్యాటరీ లైటు వెలుగు కోసం. ఏమీ లేదు. సరే, ఎవరైనా కదలకుండా కూర్చుంటే కప్పలు మళ్ళీ మొదలెడతాయి కదా... మొదలెట్టలేదు. లోకమంతా అరుస్తోంది, అక్కడ ఒక్కచోట మాత్రం అరవడం లేదు. గంటో, రెండు గంటలో.

వేగుచుక్క పొడిచేముందు అది కదిలింది. దక్షిణానికి. చౌడులోకి. అక్కడ కప్పలు లేవు కాబట్టి ఎటు వెళ్ళిందో తెలియలేదు.

అప్పుడు లేచాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. గట్టు మీద రెండుసార్లు జారి పడ్డాను. "బావా... బావా..." అని పిలుస్తున్నాననుకున్నాను, గొంతు రావడం లేదు. తూము దగ్గర బావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కదలడం లేదు. దగ్గరికి వెళ్ళాను.

తల తిప్పి చూశాడు.

"అదేంట్రా, ఇటునుంచి వస్తున్నావు? ఇప్పుడేగా అటు వెళ్ళావు?"

నేను వెనక్కి తిరిగి తుమ్మచెట్టు వైపు చూశాను.

"ఇంతసేపు పక్కన కుదురుగా కూర్చుని, లేచి ఆ చౌడులోకి ఎందుకెళ్ళావు? దొడ్డికేమో అనుకున్నాలే. చుట్టు తిరిగొచ్చావా?"

"ఊఁ," అన్నాను. నా నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. మాటంటే మాటా కాదు.

"రెండుసార్లు పలకరించాను. పలకలేదు నువ్వు. ఫరవాలేదే, మావాడు నోరు తెరవకు అంటే నిజంగా తెరవలేదు అనుకున్నా. అది సరే గానీ బోదెలో పడ్డావా? భుజం తగిలితే నీ దుప్పటి నీళ్ళు కారుతోంది. పద, ఇంటికెళ్ళి బట్టలు మార్చుకో. జ్వరమొస్తుంది."

ముందు నడిచాడు. నేను వెనక. నా దుప్పటి పొడిగా ఉంది. మడిచి చంకలో ఇరికించుకున్నాను, బావకి కనపడకుండా.

ఎందుకు చెప్పలేదంటారు. చెప్తే బావ జడుసుకుని వచ్చే శనివారం పొలం వదిలేస్తాడు, నారు పోతుంది అనుకున్నాను. అదీ నిజమే. కానీ అసలు నిజం అది కాదు. అది నేను కాదని చెప్తే, ఎవరో వస్తుంటే నువ్వేం చేస్తున్నావని అడుగుతాడు.

ఇంటి దగ్గర బావ అక్కతో అన్నాడు: "మీ తమ్ముణ్ణి పిరికివాడంటావు గానీ, చీకట్లో అంత దూరం నడిచొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. వెనకెవరో ఉన్నారంటే ఎంత ధైర్యమో!" అక్క ముఖం వెలిగిపోయింది. నాకు చద్దన్నంలో ఒక ముద్ద పెరుగు ఎక్కువ వేసింది. తిన్నాను. ఆదివారం గుడిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యబోతే ఆ చల్లదనం గుర్తొచ్చి కళ్ళు తెరిచేశాను.

బందరు వచ్చేశాను. తర్వాతి శనివారం మా బడిలో తనిఖీ. రాత్రి పదింటిదాకా అక్కడే రిజిస్టర్లు రాస్తూ కూర్చున్నాం, నలుగురం. మిగతా ముగ్గురినీ అడగవచ్చు మీరు. ఆ వేళకి అటు బస్సులు కూడా ఉండవు.

బుధవారం బావ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"మాస్టారికి మీ బావ దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నారు పచ్చబడింది. శనివారం రాత్రి కూడా నువ్వు వచ్చి పక్కన కూర్చోవడం నాకు కొండంత అండ అయింది. కానీ ఇంటికి రాకుండా అటునుంచి అటే వెళ్ళిపోవడం బాగోలేదు. మీ అక్క బాధపడింది. అంత దూరం వచ్చి ఒక్క మాటైనా మాట్లాడవేం?"

ఆ కార్డు పట్టుకుని బల్ల దగ్గర ఎంతసేపు కూర్చున్నానో. ఆ రోజు క్లాసు గోలగోలగా ఉంది. ఊరుకోమనలేదు. అరవనిచ్చాను.

శనివారం మధ్యాహ్నమే బస్సెక్కాను. పొద్దు వాలే వేళకి చేరాను. బావ అరుగు మీద కర్రకి తోలు చుట్టుకుంటున్నాడు. అక్క గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పేశాను. అంతా. రిజిస్టర్లు, పొడి దుప్పటి, అన్నీ.

బావ చాలాసేపు తోలు చుడుతూనే ఉన్నాడు.

"అయితే అది నీ ముందునుంచే వచ్చిందన్నమాట."

"అవును బావా."

"కప్పలు ఊరుకోవడం విన్నావు."

"విన్నాను."

తోలు చివర ముడేసి బిగించాడు. తిట్టినా బాగుండేది.

అడిగింది అక్క. చేట పక్కన పెట్టి మెల్లగా అడిగింది. "నీ ముందునుంచే వెళ్ళిందంటున్నావు కదరా. ఎలా ఉంది?"

మీరూ ఇందాకట్నుంచి అదే అడుగుదామనుకుంటున్నారు. నాకు తెలుసు. నేను ఎక్కడా చూశానని చెప్పలేదు, గమనించారా?

"చూడలేదక్కా. కళ్ళు మూసుకున్నాను."

అక్క నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే భరించేవాణ్ణి.

"మనిషే అయ్యుంటేనోరా?" అంది.

బావ లేచాడు. దుప్పటి భుజాన వేసుకున్నాడు. నేనూ చెప్పులు వెతుక్కుంటుంటే, "నువ్వుండు," అన్నాడు.

"ఏబునైనా పిలవండి," అంది అక్క.

"వాడింకా వణుకుతున్నాడు. ఒంటరిగానేం కాదులే," అన్నాడు బావ. ఆ మాటకి అర్థమేమిటో మేమిద్దరం అడగలేదు. వెళ్ళిపోయాడు.

అదేమిటో నాకు ఈ రోజుకీ తెలీదు. దయ్యమంటే మా ఇళ్ళల్లో ఒప్పుకోరు. మనిషంటే అడుగుల చప్పుడు ఏదీ? దొంగంటే ఆ ఏడాదంతా మా బోదెకి ఒక్క గండి పడలేదే? నారు నిలిచింది. పంట ఇంటికొచ్చింది. బావ మీద చెయ్యి పడలేదు. మంచిదో చెడ్డదో, అది నేను చెయ్యవలసిన పని చేసిపెట్టింది. అందుకు సంతోషించాలో భయపడాలో తెలీక ఇలా మీలాంటి వాళ్ళకి చెప్పుకుంటూ ఉంటాను.

బావ నన్ను ఉండమని వెళ్ళిన ఆ రాత్రి నేను అరుగు మీద పడుకున్నాను. అక్క ఇల్లు ఊరి చివర. పొలాల మీదుగా కప్పల గోల తెరలు తెరలుగా వస్తోంది. లోపల అక్క నిద్రపోలేదు. మంచం కిర్రుమనడం వింటున్నాను. చుక్కలు పడమటికి ఒరుగుతున్నాయి.

తూము వైపు... కప్పలు ఊరుకున్నాయి.

ఎంత చూసినా మళ్ళీ అందుకోలేదు.

లోపల మంచం కిర్రుమంది. అక్క కూడా విన్నది. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. గాజులు తలుపుకి తగిలాయి.

"అబ్బాయ్," అంది, చాలా నెమ్మదిగా. "మెలకువగా ఉన్నావా?"

కళ్ళు మూసుకున్నాను. నేను పలకలేదు.